బాహుకుడి కొలువు

పాండవుల అరణ్యవాసంలో ధర్మరాజు బృహదశ్వ మహర్షిని ఒక మాట అడిగాడు. నాకంటే దురదృష్టవంతుడైన రాజు ఈ భూమ్మీద ఇంకెవడైనా ఉన్నాడా? రాజ్యాన్ని, తమ్ముళ్లను, చివరికి భార్యను కూడా జూదంలో ఒడ్డి ఓడినవాడి ప్రశ్న అది. మహర్షి ఓదార్చి ఊరుకోలేదు. నలుడి కథ చెప్పాడు, కథ అయ్యాక పాచికల గుట్టు తెలిపే అక్షహృదయ విద్యను ధర్మరాజుకు ఉపదేశించి వెళ్లాడు.

నలుడనగానే మనకు శ్రీనాథుడి శృంగారనైషధం గుర్తుకొస్తుంది. హంస రాయబారం, దమయంతి స్వయంవరం కళ్లముందు కదులుతాయి. నన్నయ తెనిగించిన అరణ్యపర్వ భాగంలోని నలోపాఖ్యానం పెళ్లి దగ్గర ఆగదు. వ్యసనం పాలైన ఏలిక అందులోంచి ఎలా బయటపడ్డాడో, బయటపడ్డాక ఎలాంటి ఏలిక అయ్యాడో చెబుతుంది. నలుడు రాజ్యం ఏలడం నేర్చుకున్నది సింహాసనం మీద కాదని, గుర్రపుశాలలోనని నా నమ్మకం.

నలుడిలో దూరడానికి కలిపురుషుడు పన్నెండో ఏటి దాకా కాచుకున్నాడు. ఒకనాడు రాజు కాళ్లు కడుక్కోకుండానే సంధ్య వార్చాడు. కలికి ఆ సందు చాలింది. ఇందులోని అంతరార్థం మనందరికీ అనుభవమే. వ్యసనం రోజూ చేసుకునే చిన్న శుభ్రత తప్పినచోట నిశ్శబ్దంగా అడుగుపెడుతుంది. ఒక విషయాన్నే తలుస్తూ ఉంటే దానిమీద సంగం, సంగం నుంచి కోరిక, కోరిక నుంచి కోపం, ఆపై మతిమరుపు, చివరికి బుద్ధినాశం అని గీత రెండో అధ్యాయం చూపిన మెట్లన్నీ నలుడు ఒక్కొక్కటిగా దిగాడు. మంత్రులు, పౌరులు వాకిట నిలబడ్డారు. దమయంతి కన్నీళ్లతో చెప్పి చూసింది. ఆయన పాచికల మీంచి తలెత్తలేదు. ఏలేవాడికి పట్టే వ్యసనంలో అన్నిటికంటే పెద్ద నష్టం ఇదే. డబ్బు పోకముందే మంచి చెప్పేవాళ్ల గొంతు వినపడడం మానేస్తుంది.

రాజ్యం పోయింది. కట్టుబట్ట సహా పోయింది. నిద్రపోతున్న భార్యను అడవిలో వదిలేశాడు. అంత దిగజారినవాడు కార్చిచ్చులో కదలలేక పడి ఉన్న కర్కోటకుడనే పాము కేక విని, మంటల్లోకి వెళ్లి ఎత్తుకొచ్చాడు. తనకే దిక్కులేని మనిషి ఇంకొకరిని కాపాడిన ఆ క్షణంలోనే అతని కోలుకోవడం మొదలైంది. పాము కాటేసింది, రూపం వికృతమైంది. ఆ విషం నలుణ్ణి బాధపెట్టలేదు, లోపలున్న కలిని మాత్రం రోజూ కాల్చింది. వ్యసనం మానే దశలోని బాధ అలాంటిదే. అది మనిషిని చంపడానికి వచ్చింది కాదు, లోపలి కలి విలవిల్లాడడం. అయితే ఏళ్ల తరబడి బాగా తాగినవారు ఒక్కసారిగా మానేస్తే వణుకు, మూర్ఛలు వచ్చి ప్రాణం మీదికి రావచ్చు కాబట్టి, ఆ దశ మాత్రం వైద్యుడి పర్యవేక్షణలోనే దాటాలి.

ఇంకొకరిని కాపాడుతూ తాను కోలుకునే ఇదే ధర్మం 1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణంలో మళ్లీ కనిపించింది. బిల్ విల్సన్ తాగుడు మాని కొద్ది నెలలే అయింది. వ్యాపార ప్రయత్నం బెడిసికొట్టి మేఫ్లవర్ హోటల్ లాబీలో ఒంటరిగా నిలబడ్డాడు. ఒకవైపు బార్ పిలుస్తోంది. తాను నిలబడాలంటే తనలాంటి మరో తాగుబోతుతో మాట్లాడాలని అతనికి తోచింది. చర్చిల వాళ్లకు ఫోన్లు చేసుకుంటూ పోయి డాక్టర్ బాబ్ స్మిత్ అనే శస్త్రవైద్యుణ్ణి కలిశాడు. బాబ్ చివరిసారి తాగిన జూన్ 10నే ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టినరోజుగా జరుపుకుంటారు. ఇది నా చేత కావడం లేదని ఒప్పుకోవడం, నాకంటే పెద్ద శక్తికి అప్పగించుకోవడం, తన తప్పుల లెక్క రాసుకోవడం, దాన్ని ఇంకొకరి ముందు విప్పడం, నష్టపోయినవారికి సరిదిద్దడం, ఆ తర్వాత ఇంకొకరికి చేయి అందించడం వారి పన్నెండు మెట్ల సారం. నలుడు నడిచిన దారిలో ఈ అడుగులన్నీ ఉన్నాయి.

కర్కోటకుడి మాట ప్రకారం నలుడు అయోధ్యకు వెళ్లి ఋతుపర్ణ మహారాజు కొలువులో బాహుకుడై చేరాడు. గుర్రాలు చూసుకునేవాడు, వంట చేసేవాడు. నిన్నటి చక్రవర్తి పేరు దాచుకుని ఒకరి రథం తోలాడు.

కువైట్ హవల్లీ గవర్నరేట్‌లో సముద్రం పక్కనున్న సల్వాలో ఈ ఘట్టం చదివితే గుండె పట్టేస్తుంది. కడప, అన్నమయ్య, చిత్తూరు, గోదావరి జిల్లాల నుంచి ఖాదిం (ఇంటిపనివారి) వీసా మీద వచ్చినవాళ్లు ఇక్కడి విల్లాల్లో చేసేది బాహుకుడి పనులే, కారు తోలడం, వంట చేయడం. పిల్లల్ని బడి దగ్గర దించి, ఇంటి యజమానురాలిని జమియాకు (సహకార దుకాణానికి) తీసుకెళ్లి, తిరిగొచ్చి గేటు పక్కన గదిలో చేరగిలబడతారు. ఆ గదిలో ఏసీ చప్పుడు, చేతిలో ఫోను తప్ప పలకరించే మనిషి ఉండడు. కలికి కావలసిన సందు అక్కడ దొరుకుతుంది. ఒకరికి ఫోనులో పేకాట, ఇంకొకరికి అప్పు మీద అప్పు, మరొకరికి దొంగచాటు మందు. మద్యం నిషేధించిన దేశం ఇది. అయినా 2025 ఆగస్టులో మిథనాల్ కలిసిన దొంగసారా తాగి 160 మంది విషం బారిన పడ్డారు, 23 మంది చనిపోయారు. బాధితుల్లో ఎక్కువమంది ఆసియా దేశాల నుంచి వచ్చినవారే. చట్టం ఊరి వాకిలి మూయగలదు. మనిషి లోపలి వాకిలి మాత్రం మనిషే మూసుకోవాలి, పక్కన ఇంకొక మనిషి తోడుండాలి.

ఇక కథలోని ఆయువుపట్టు. బాహుకుడు తోలుతున్న రథం గాలిలా పోతుండగా ఋతుపర్ణుడు దారి పక్కన తాండ్ర చెట్టును చూసి, దాని ఆకుల లెక్క, కాయల లెక్క చూపుతోనే చెప్పేశాడు. నలుడు నమ్మి ఊరుకోలేదు. రథం ఆపాడు. ఆలస్యమైపోతోందని రాజు తొందరపెట్టినా వినలేదు. చెట్టు పడగొట్టి లెక్కపెట్టాడు, చెప్పిన లెక్క సరిపోయింది. ఆ రోజుల్లో పాచికలుగా వాడినవి ఆ చెట్టు కాయలే. తనను ముంచిన దాని మూలం దగ్గరకే వెళ్లి, కళ్లారా చూసి, ఒక్కొక్కటీ ఎంచాడు. ఋతుపర్ణుడి నుంచి అక్షహృదయం అందుకోగానే కలి విషం కక్కుకుంటూ బయటికి వచ్చాడు.

ఇక్కడ గమనించవలసింది ఆగడం. గమ్యానికి పరుగెత్తుతున్న రథాన్ని ఆపకుండా ఎవరూ తమ లెక్క చూసుకోలేరు. సల్వా గదిలో శుక్రవారం పూట ఒక నోటుబుక్కు తెరిచి జీతమెంత, ఇంటికి పంపిందెంత, ఆటలో పోయిందెంత, ఎవరికి అబద్ధం చెప్పాను అని రాసుకుని, నమ్మకమైన అన్నకు చదివి వినిపించినవాడు ఆ చెట్టు కింద నిలబడ్డట్టే. సంస్థలు నడిపేవారికీ ఇదే పరీక్ష. వారి పాచికలు వేరు. పొగడ్త, పెత్తనం, ప్రతిదీ తన చేతుల మీదుగానే జరగాలన్న పట్టు. లెక్క రాసే పద్ధతి మాత్రం ఒకటే.

బయటికొచ్చిన కలిని నలుడు శపించబోయాడు. కలి చేతులు జోడిస్తే కోపం దిగమింగాడు. తర్వాత, అప్పట్లో తనను జూదంలో ఓడించిన తమ్ముడు పుష్కరుణ్ణి ఒక్క పందెంలో ఓడించి రాజ్యం గెలుచుకున్నా, తమ్ముడి భాగం తమ్ముడికే తిరిగిచ్చి గౌరవంగా పంపాడు. ఇది పాత నలుడు చేయగలిగే పని కాదు. తన పతనానికి పుష్కరుడు కారణం కాదని, సందు ఇచ్చింది తానేనని లెక్క తేల్చుకున్నవాడికే అంత క్షమ వస్తుంది. బిల్ విల్సన్ 1954లో యేల్ విశ్వవిద్యాలయం ఇవ్వజూపిన గౌరవ డాక్టరేట్‌ను వద్దన్నదీ ఇదే తెలివితో. పేరు పెరిగితే పాత దాహం ఇంకో వేషంలో వస్తుందని అతనికి తెలుసు. వారి సంఘం 1950లో ఆమోదించిన సంప్రదాయాల ప్రకారం నాయకుల పని సేవ చేయడమే, పాలించడం కాదు.

తెలుగు సంఘానికి అధ్యక్షుడైనా, కంపెనీలో సూపర్‌వైజరైనా, ఇంటికి పెద్దకొడుకైనా, పదిమంది తన మాట వింటున్నారంటే ముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది. నేను ఎవరికి లెక్క చెబుతున్నాను? జవాబు లేకపోతే, ఎంత పెద్ద పదవిలో ఉన్నా కలి కాచుకునే ఉన్నాడని అర్థం. లెక్క చెప్పుకోదగిన మనిషి ఒకరిని ఈ వారమే వెతుక్కోండి. ఆయన ముందు లెక్క విప్పండి. మీకంటే వెనకబడి ఉన్న ఇంకొకరి లెక్క ఓపికగా వినండి. పదిమందిని నడిపించే అర్హత ఆ రెండు పనుల నుంచే వస్తుంది.