గుమ్మం దగ్గర విల్లు పెట్టి వెళ్ళినవాడు

 

ఈ వారం వీడియోలో విదురుడి గురించి మాట్లాడుకున్నాం కదా, టైమ్ చాలక ఒక ప్రశ్న పక్కన పెట్టేశాను. అది ఇక్కడ చూద్దాం. నాచారం నుంచి ఒక అక్క అడిగారు. వాళ్ళ కాలనీలో ఎన్నో ఏళ్ళుగా శనివారం భజన బృందం ఉంది. అందులోంచి పదకొండు మంది బయటికి వచ్చేసి, ఉప్పల్ వైపు ఒకళ్ళింటి మేడ మీద వేరే బృందం పెట్టుకుందాం అనుకుంటున్నారట. "ఇది పాపమా? దేవుడి దగ్గర చీలిక తెచ్చినట్టు అవుతుందా?" అని ఆవిడ భయం.

ఎందుకు వెళ్తున్నారు అని అడిగితే ముందు "అక్కడ భక్తి లేదండీ" అన్నారు. ఇంకాస్త గుచ్చి అడిగితే అసలు సంగతి బయటపడింది. చందాల లెక్క రెండేళ్ళుగా ఎవరికీ చూపించలేదు. అడిగినవాళ్ళకి ఆ తర్వాత వారం నుంచి మైకు అందట్లేదు.

ఇలాంటప్పుడు మన పెద్దవాళ్ళు సాధారణంగా రెండు మాటలు చెప్తారు. ఒకటి, "సర్దుకుపోండమ్మా, దేవుడి దగ్గర గొడవలెందుకు." రెండోది, "మీ ఇష్టం, ఆయన అంతటా ఉన్నాడు." నాకు రెండూ మింగుడుపడవు. మొదటి మాట వల్ల లెక్క చెప్పనివాడు హాయిగా ఉంటాడు. రెండో మాట వల్ల ఒకే అపార్ట్‌మెంట్‌లో మూడు వినాయక మండపాలు లేస్తాయి, మూడింటి స్పీకర్లూ ఒకదానికొకటి ఎదురుగా పెడతారు.

దీనికి జవాబు ఆలోచిస్తుంటే నాకు గుర్తొచ్చింది ఒక చర్చి కథ. మన ఛానెల్లో చర్చి కథేంటి అనుకోకండి, చివరికి విభీషణుడి దగ్గరికే వస్తాను.

నాతో పనిచేసే ఒకతను నాచారంలోనే ఉంటాడు. వాళ్ళ కుటుంబం, ఇంకొన్ని కుటుంబాలు కలిసి తమ చర్చి నుంచి బయటికి వచ్చి కొత్తగా ప్రెస్బిటేరియన్ సంఘం మొదలుపెట్టే పనిలో ఉన్నారు. అక్కడేం జరిగిందో నేను అడగలేదు, మనకి అనవసరం కూడా. కానీ ఆఫీస్ క్యాబ్ ఉప్పల్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో ఇరుక్కున్న రోజు, "కొత్త సంఘం అంటే హాలు అద్దెకి తీసుకుని బోర్డు పెట్టేయడమేనా?" అని అడిగితే అతను నవ్వాడు. "బోర్డు ఆఖర్న అన్నా" అన్నాడు.

ప్రెస్బిటేరియన్ అనే పేరు ఒక గ్రీకు మాట నుంచి వచ్చింది. దానర్థం 'పెద్ద'. మన ఊళ్ళలో పెద్దమనుషులు అంటాం చూడండి, దాదాపు అదే. వాళ్ళకి పైన బిషప్ ఉండడు. సంఘంలోని సభ్యులే తమలోంచి పెద్దల్ని ఎన్నుకుంటారు. పాస్టర్, పెద్దలు కలిసి సంఘాన్ని నడుపుతారు. చుట్టుపక్కల సంఘాల పాస్టర్లు, పెద్దలు కలిస్తే ప్రెస్బిటరీ. విడిపోయి వచ్చినవాళ్ళు కూడా ఏదో ఒక ప్రెస్బిటరీ ముందుకి వెళ్ళి, మమ్మల్ని సంఘంగా ఒప్పుకోండి అని అడగాలి. వాళ్ళు వచ్చి చూస్తారు, ప్రశ్నలు వేస్తారు, పెద్దలుగా ఉండాల్సినవాళ్ళని పరీక్షిస్తారు. అంటే ఒక పెద్దరికం నుంచి బయటికి వచ్చినవాళ్ళు ముందుగా చేసే పని, ఇంకో పెద్దరికం కింద నిలబడటం. నాకు ఇది భలే నచ్చింది. మనం వేరు పడితే ముందు చేసే పని ఫ్లెక్సీ కొట్టించడం.

సరే, వీళ్ళ చరిత్రలో పెద్ద చీలిక స్కాట్లాండ్‌లో జరిగింది. అక్కడ ఊరి చర్చికి పాస్టర్ ఎవరో నిర్ణయించే హక్కు చాలాచోట్ల ఆ ప్రాంతపు భూస్వామి చేతిలో ఉండేది. 1712 నాటి చట్టం ఆ హక్కుని ఖాయం చేసింది. మన గుళ్ళలో వంశపారంపర్య ధర్మకర్తలు ఉండేవారు కదా, 1987లో చట్టం వచ్చి తీసేసేదాకా. కొంచెం అలాంటిదే అనుకోండి. 1834లో చర్చి మహాసభ ఒక తీర్మానం చేసింది: ఊళ్ళో ఎక్కువమంది కుటుంబ పెద్దలు వద్దంటే ఆ పాస్టర్‌ని పెట్టకూడదని. భూస్వాముల వైపు నుంచి కోర్టుకి వెళ్ళారు. కోర్టు భూస్వాములదే హక్కు అంది.

మార్నోక్ అనే పల్లెలో ఏం జరిగిందో వినండి. అక్కడికి పంపిన పాస్టర్‌ని దాదాపు 300 మంది కుటుంబ పెద్దల్లో 260 మందికి పైగా వద్దన్నారు. కావాలని సంతకం పెట్టిన ఊరివాడు ఒకే ఒక్కడు, సత్రం నడుపుకునే మనిషి. అయినా కోర్టు ఆదేశం ఉంది కాబట్టి 1841 జనవరి 21న ఆయన్ని కూర్చోబెట్టడానికి వచ్చారు. బయట మంచు పేరుకుపోయి ఉంది. ఊరివాళ్ళు తమ అభ్యంతరం చదివి వినిపించారు. తర్వాత ఎవరి బైబిల్ వాళ్ళు బల్లల మీద నుంచి తీసుకుని, లేచి, ఆ మంచులోకి నడిచి వెళ్ళిపోయారు. తాతల కాలం నుంచీ కూర్చున్న బల్లలవి. తర్వాత సొంతంగా వేరే చర్చి కట్టుకున్నారు.

రెండేళ్ళకి అదే పని దేశం మొత్తం మీద జరిగింది. 1843 మే 18న ఎడిన్‌బరోలో మహాసభ. అధ్యక్షుడు డేవిడ్ వెల్ష్ నిరసన పత్రం చదివి, బల్ల మీద పెట్టి, రాణి గారి ప్రతినిధికి వంగి నమస్కారం చేసి బయటికి నడిచాడు. వెనకాలే థామస్ చామర్స్, ఆ వెనక వరసగా పాస్టర్లు. సుమారు 1,200 మంది ఉన్న చర్చిలోంచి 450 మందికి పైగా పాస్టర్లు వెళ్ళిపోయారు. జీతం పోయింది. పాస్టర్ ఉండే ఇల్లు కూడా చర్చిదే కాబట్టి ఇల్లూ పోయింది. పెళ్ళాం పిల్లలతో సామాను బండి మీద వేసుకుని బయటికి వచ్చినవాళ్ళు వాళ్ళు.

కొత్త చర్చికి స్థలం ఇవ్వం అన్న భూస్వాములు కూడా ఉన్నారు. స్ట్రాంషియన్ అనే చోట స్థలం దొరక్క ఇనుముతో తేలే చర్చి చేయించుకుని నీళ్ళ మీద లంగరు వేసుకున్నారు. వందమంది ఎక్కితే ఒక అంగుళం మునిగేదట, దాన్నిబట్టి ఆ వారం ప్రసంగీకుడికి ఎంత పేరుందో కొలిచేవాళ్ళట! మన వ్యూస్ కౌంట్ కన్నా నయమే.

మన దేశానికి కూడా ఈ చీలిక వచ్చింది. కలకత్తాలో అలెగ్జాండర్ డఫ్ అనే మిషనరీ 1830లో ఒక స్కూలు పెట్టాడు. దానికి చోటు చూపించి సాయం చేసింది రాజా రామమోహన్ రాయ్. 1843 కబురు అందాక, ఇక్కడున్న స్కాట్లాండ్ మిషనరీలంతా విడిపోయినవాళ్ళ వైపే నిలబడ్డారు. కానీ బిల్డింగు పాత చర్చిది. లైబ్రరీ, సైన్స్ పరికరాలు, అన్నీ. డఫ్ వాటిని వదిలేసి అదే ఊళ్ళో మళ్ళీ మొదటినుంచి ఇంకో స్కూలు మొదలుపెట్టాడు.

ఆయన వదిలేసి వెళ్ళిన కాలేజీలోనే కొన్ని దశాబ్దాల తర్వాత నరేంద్రనాథ్ దత్తా అనే కుర్రాడు చదువుకున్నాడు. అవును, మన వివేకానందుడే. అక్కడి ప్రిన్సిపాల్ విలియం హేస్టీ, వర్డ్స్‌వర్త్ కవిత చెప్తూ సమాధి స్థితి అంటే ఏంటో చూడాలంటే దక్షిణేశ్వరం వెళ్ళమన్నాడని రామకృష్ణ మఠం పుస్తకాల్లో ఉంటుంది. ఆ కుర్రాడే 1893 ఫిబ్రవరిలో మన సికింద్రాబాద్ మెహబూబ్ కాలేజీలో ఉపన్యాసం ఇచ్చాడు. డఫ్ ఆ రోజు బిల్డింగు కోసం కొట్లాడి, తలుపులకి తాళాలు పడి ఉంటే? ఏమయ్యేదో నేను చెప్పలేను. వదిలేసిన చోట ఏం మొలకెత్తుతుందో మాత్రం వదిలేసినవాడికి తెలియదు. తర్వాత 1908లో ఆ రెండు కాలేజీలూ మళ్ళీ కలిసి ఒకటయ్యాయి.

ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తే వెళ్ళిపోయినవాళ్ళంతా మహాత్ములు అన్నట్టు ఉంటుంది. కాదు. బయటికి వచ్చిన రెండు మూడేళ్ళలోపే వాళ్ళకి డబ్బు అవసరమై అమెరికా నుంచి చందాలు తెచ్చుకున్నారు. అందులో సుమారు 3,000 పౌండ్లు బానిసల్ని పెట్టుకున్న యజమానుల చర్చిల నుంచి వచ్చినవి. బానిసత్వం నుంచి తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్ 1846లో స్కాట్లాండ్ వచ్చి, ఆ డబ్బు వెనక్కి పంపండి అని ఊరూరా సభలు పెట్టాడు. వాళ్ళు పంపలేదు. భూస్వామి పెత్తనం వద్దని ఇల్లు వదిలేసినవాళ్ళకి, మనిషిని అమ్మిన డబ్బు పుచ్చుకోవడానికి చెయ్యి వెనక్కి రాలేదు. ఇంకో అరవై ఏళ్ళకి, 1904లో, వాళ్ళ వారసులే రెండు పక్షాలై చర్చి ఆస్తులు మావంటే మావని లండన్ దాకా కోర్టుకి వెళ్ళారు. ఒకసారి త్యాగం చేశాం కదా అని ఆ పుణ్యం మీద బతికేయడం కుదరదు. సాఫ్ట్‌వేర్‌లో ఫోర్క్ కొట్టేవాళ్ళం కాబట్టి మనకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది: కొత్త కాపీలోకి పాత బగ్గులన్నీ వస్తాయి, పైన మనవి కొత్తవి చేరతాయి.

మన తెలుగువాళ్ళ దగ్గర ఇది ఎదురు దిశలో కూడా జరిగింది. 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, అంతకుముందే ఒకటై ఉన్న ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు కలిసిపోయి దక్షిణ ఇండియా సంఘం అయ్యాయి. సీఎస్ఐ అని బోర్డుల మీద చూస్తుంటాం, అదే. నంద్యాల వైపు ఆంగ్లికన్లు చాలామంది అప్పుడు చేరలేదు, చాలా ఏళ్ళ తర్వాత చేరారు. అంటే కలవడానికి కూడా తొందరపెట్టకూడదన్నమాట.

ఇప్పుడు మనవాళ్ళ దగ్గరికి. విదురుడు హస్తినాపురం వదిలి వెళ్ళేటప్పుడు భాగవతంలో ఒక చిన్న వివరం ఉంది. దుర్యోధనుడు దాసీపుత్రుడని అవమానించి వెళ్ళగొట్టమన్నాడు. విదురుడు తన విల్లు గుమ్మం దగ్గర పెట్టి బయటికి నడిచాడు. ఆ విల్లుతో అటువైపు వెళ్ళి యుద్ధం చెయ్యొచ్చు, చెయ్యలేదు. తీర్థయాత్రలకి వెళ్ళాడు. వీడియోలో నేను దీని మీద రెండు నిమిషాలే మాట్లాడాను, అది సరిపోదు. ఒక చోటు నుంచి బయటికి వచ్చేటప్పుడు మనతోపాటు మనకి తెలియకుండా వచ్చేసేది ఆయుధమే. వాళ్ళ గుట్లు మనకి తెలుసు. ఎవరు ఎంత చందా ఎగ్గొట్టారో తెలుసు. ఫోన్ నంబర్లన్నీ మన దగ్గర ఉన్నాయి. అవన్నీ విల్లే.

విభీషణుడైతే ఒక్కసారిగా వెళ్ళలేదు. సభలో చెప్పాడు, ఇంటికి వెళ్ళి చెప్పాడు, మళ్ళీ సభలో చెప్పాడు. ఇంద్రజిత్తు పిరికివాడన్నాడు, అన్న నోటికొచ్చినట్టు తిట్టాడు. అప్పుడు గద పట్టుకుని నలుగురితో లేచాడు. భార్యాపిల్లలు లంకలోనే ఉండిపోయారు. ఇవతలి ఒడ్డుకి వచ్చి, దిగకముందే ఆకాశంలో నిలబడి చెప్పిన మొదటి సంగతి, తను రావణుడి తమ్ముడినని. దాచుకోలేదు. సుగ్రీవుడు అనుమానించాడు, అనుమానించాలి కూడా. అన్నని వదిలినవాడు రేపు మనల్ని వదలడని ఏంటి గ్యారంటీ? ఆ పరీక్షకి విభీషణుడు నిలబడ్డాడు, చిరాకు పడలేదు.

అక్కా, మీ పదకొండు మందికీ నేను చెప్పేది ఇది. పాపం కాదు. కానీ వెళ్ళేముందు లెక్క సంగతి ఆ పెద్దాయన ముందు కూర్చుని, అందరూ వినేలా, ఇంకోసారి అడగండి. వాట్సాప్‌లో కాదు. "భక్తి లేదు" అనే మాట మాత్రం అనకండి, ఎదుటివాళ్ళ భక్తి కొలవడానికి మన దగ్గర మీటరు లేదు. మీ కారణం లెక్క, లెక్క అనే చెప్పండి. చూపిస్తే ఉండిపోండి. చూపించకపోతే నమస్కారం పెట్టి రండి. డోలక్, తాళాలు, చాపలు మీ డబ్బుతో కొన్నవైనా అక్కడే వదిలేయండి. వాళ్ళ శనివారం టైమ్‌కి పోటీగా మీ టైమ్ పెట్టకండి. మీ కొత్త పుస్తకంలో మొదటి రూపాయి రాసిన రోజునుంచే, మీ బృందంలో లేని ఒకరికి ప్రతి నెలా లెక్క చూపించండి. మేడ ఎవరిదో వాళ్ళ చేతిలో మాత్రం డబ్బు పెట్టకండి, రెండేళ్ళ తర్వాత ఇదే ప్రశ్న ఇంకో పదకొండు మంది నన్ను అడుగుతారు.

రావణుడు పడిపోయాక విభీషణుడు ఏడ్చాడు. అంత్యక్రియలు చేయడానికి మళ్ళీ వెనకాడాడు కూడా, ఇంత అధర్మం చేసినవాడికి నేను చెయ్యాలా అని. రాముడు ఒప్పించి ఆయన చేతే చేయించాడు. వదిలేసి వచ్చిన ఇంటికి మళ్ళీ వెళ్ళి, అన్న చితికి నిప్పు పెట్టింది ఆయనే.

సుగ్రీవుడి అభ్యంతరాలు, హనుమంతుడి జవాబు, రాముడి నిర్ణయం వచ్చే శనివారం వీడియోలో ఒక్కొక్కటిగా చూద్దాం. యుద్ధకాండ 17, 18 సర్గలు వీలైతే ముందే చదివి రండి.