తదేకంగా చూడటం

అర్జునుడికి పక్షి కన్ను ఒక్కటే కనిపించిందన్న కథ మనకి ఏకాగ్రతకి కొలబద్ద. చూపు చలించకపోవడమే గొప్ప అని చిన్నప్పటినించీ వింటూ వచ్చాం. కానీ కన్ను పనిచేసే తీరు గురించి చదువుతున్నకొద్దీ నాకు ఆ ఆదర్శం మీద అనుమానం పెరుగుతోంది. చూపు నిజంగానే కదలకుండా ఆగిపోతే, కాసేపటికి పక్షి కన్ను కూడా కనిపించదు.

1950ల మొదట్లో ఇంగ్లండులో డిచ్‌బర్న్, గిన్స్‌బోర్గ్, అమెరికాలో రిగ్స్, రాట్లిఫ్ మొదలైనవాళ్ళు ఈ సంగతి ప్రయోగం చేసి చూపించారు. కాంటాక్ట్ లెన్సుకి చిన్న అద్దం అమర్చి, కన్ను ఎటు కదిలితే ఎదుటి బొమ్మ కూడా అటే, అంతే కదిలేలా చేశారు. దాంతో రెటీనా మీద బొమ్మ ఒకేచోట నిలిచిపోయింది. కొద్ది సెకన్లలో గీతలు వెలిసిపోయి, బొమ్మ మాయమైంది. రెటీనాలోని కణాలు మారని వెలుగుకి త్వరగా అలవాటుపడిపోతాయి. అవి గట్టిగా స్పందించేది మార్పుకే.

మరి ఎదుటి గోడ మీది క్యాలెండరు ఎందుకు మాయమవదు? తదేకంగా చూస్తున్నామనుకున్నప్పుడు కూడా కన్ను సన్నగా వణుకుతూ, మెల్లగా పక్కకి జరుగుతూ, మధ్యమధ్య చిన్న గెంతు వేస్తూ ఉంటుంది కాబట్టి. అంకె అంచు మీదుగా చూపు అటూ ఇటూ జరిగితే కణం మీద పడే వెలుగు పెరిగి తగ్గుతుంది. లోకం కదలకపోయినా, కన్ను తనే కదిలి రెటీనాకి మార్పుని అందిస్తుందన్నమాట.

"అలవాటైపోయింది, కనపడటం లేదు" అనే మాటని మనం ప్రకృతి ధర్మంలా వాడుకుంటాం. సెల్లార్లో మెట్ల కింద వాచ్‌మన్ కుటుంబం సర్దుకునే గది రోజూ కార్ పార్క్ చేసేవాళ్ళకి కనపడదు. అలవాటుపడటం ప్రకృతే, నిజమే. కానీ ఆ అలవాటుని నిమిషనిమిషం చెరిపేసే కదలిక కూడా ప్రకృతే కదా! సగం ధర్మాన్నే సాకుగా తెచ్చుకోవడం నాకు న్యాయంగా తోచదు.

అయితే కదిలినంత మాత్రాన అన్నీ కనపడవు. రెటీనా మీద రక్తనాళాల నీడలు ఎప్పుడూ పడుతూనే ఉంటాయి. అవి కంటితోపాటే తిరుగుతాయి కాబట్టి మనకి తెలియవు. 19వ శతాబ్దం మొదట్లో పుర్కిన్యే గమనించిందేమిటంటే, పక్కనించి వెలుగు వేసి దాన్ని కదిలిస్తే, ఆ నీడలు చోటు మారి చెట్టుకొమ్మల్లా కనిపిస్తాయి. పనావిడకి విడిగా పెట్టే టీ గ్లాసు అలాంటి నీడే. ఇల్లు మారినా, ఊరు మారినా, దేశం మారినా మనతోపాటే వస్తుంది. దాన్ని చూడాలంటే మన చూపు చాలదు, ఆ గ్లాసులో తాగేవాళ్ళ మాట పక్కనించి పడాలి. పడినప్పుడు చిరాకు పడకుండా ఉండాలి.

కన్ను మనల్ని అడక్కుండానే కదులుతుంది, అందులో దాని గొప్పేమీ లేదు. మనిషి మాత్రం ఆ పని తెలిసి చెయ్యాలి. ఆ తేడా ఉంది కాబట్టే, కనపడలేదన్న జవాబుతో మన బాధ్యత తీరిపోదని నా ఉద్దేశం.