ఒక్క ఊరు, మూడు చిరునామాలు

కదిరి తాలూకాలోని మా తలుపుల గ్రామము 1910 వరకు కడప జిల్లాలోనిది. ఆ యేట అనంతపురము జిల్లాలో చేరెను. 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలోనికి వచ్చెను. ఊరు మాత్రము అంగుళమైనను కదలలేదు. అయినను ఊరిని చూడక చిరునామాలను మాత్రమే చదువువానికి ఇవి మూడూళ్లు.

కంప్యూటరులో ప్రోగ్రామును దాని భాగములనుండి కూర్చు సాధనములకు నిత్యము నిట్టి చిక్కే కలుగుచుండును. వానిలో ‘మేక్’ అనునది 1976లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ బెల్ ప్రయోగశాలలో రచించినది. ఏ ఫైలు మారినదో కనిపెట్టి, దాని నాశ్రయించిన వానిని మాత్రమే యది మరల తయారుచేయును. కాని ఫైలును గుర్తించుట పేరుచేతనే. ఒక పేరున తయారు కావలసిన ఫైలును వేరొక దారి వ్రాసి కోరితిమా, రెండును ఒకటేయని గ్రహింపక పాతదానినే వాడుకొనవచ్చును.

‘నింజా’ అను మరియొక సాధనము దారిని ముందుగా సరిచేయును. ఒక గదిలోనికి పోయి వెంటనే వెలుపలికి రమ్మని వ్రాసియున్నచో, ఆ రెండడుగులను కొట్టివేయును. తెలివైన పనియే. కాని ఆ తలుపు వేరొక యింటికి దారితీయు లింకు అయినచో, లోనికి పోయినవాడు వెలువడునది వేరొక వీధిలోనికి! ఇచట రెండు ఫైళ్లు ఒకటిగా నెంచబడును.

పోయి చూచుట యసాధ్యమా? కాదు. యూనిక్సు వ్యవస్థలో ప్రతి ఫైలునకును ‘ఐనోడ్’ అను సంఖ్య కలదు. అది యున్న డిస్కు సంఖ్యతో కలిపి చూచినచో, రెండు దారులును ఒకచోటికే చేరునో లేదో తెలియును. అయితే వేలకొలది ఫైళ్లకు పోయి చూచుటకు కాలము పట్టును. ఇంకను పుట్టని ఫైలునకు సంఖ్యయే లేదు. కావున సాధనము పేరును నమ్ముటను నేను తప్పుపట్టను.

మనుష్యుడే యట్లు చేసినచో నేమందుము? 2005లో హిందూ వారసత్వ చట్టమును సవరించి, కుమార్తెకు ఉమ్మడి ఆస్తిలో కుమారునితో సమానమైన హక్కు నిచ్చిరి. ఆ భాగమునకై పోయిన మా మేనత్త కూతురి బడి పత్రముపై పుట్టింటి పేరు, రేషన్ కార్డుపై మెట్టినింటి పేరు నున్నవి. ‘ఈ యిద్దరును ఒకరేనా?’ యని గుమాస్తా యడిగెను. ఆమె యెదుటనే నిలిచియున్నది. సందేహమున్నచో వేరనుటయే క్షేమమందురు. ఆ క్షేమము గుమాస్తాది, తిరుగుడు ఆమెది.

నాలుగవమారు ఆమె, రెండు పేర్లును తనవేయని ప్రమాణపత్రము వ్రాయించి తెచ్చినది. పాత అచ్చుకాగితము కాబోలు, దానిపై తలుపుల, అనంతపురము జిల్లా యని యుండెను. గుమాస్తా మరల కలమెత్తెను.