తెలియనిదానికి పెట్టిన పేరు

నిరుడు వర్షాకాలములో ఒక రాత్రి ఆశ్రమ గ్రంథాలయమున పాత సంచికలను సర్దుచుండగా, బీరువా ప్రక్క గోడమీద అరచేయంత సాలెపురుగొకటి కనబడెను. ఇంటి మూలలలో బూజు కట్టు చిన్న సాలీడు కాదది. గోధుమవన్నె దేహము, పీతకాళ్ళవలె ప్రక్కలకు చాచుకొన్న ఎనిమిది పొడుగాటి కాళ్ళు. చుట్టుప్రక్కల గూడు లేదు, దారము లేదు. నాతోనున్న యువ బ్రహ్మచారి “అదేమిటి స్వామీ?” అని అడిగెను. “విషపురుగు, దూరముగా నుండుము” అంటిని. మరుక్షణమే చీపురందుకొని కొట్టితిని.

ఆ బ్రహ్మచారి కళాశాలలో జంతుశాస్త్రము చదివి వచ్చినవాడు. మరునాటి ఉదయము ఆ కళేబరమును కాగితముపై నుంచి, భూతద్దముతో పరిశీలించి, గ్రంథములతో పోల్చి చూచి, నా యొద్దకు తెచ్చెను. అది ఉష్ణదేశములన్నింటను ఇండ్లలో తిరుగు వేట సాలీడు. 1767లో లినేయస్ దానిని వర్ణించి, వేటను సూచించు లాటిను పేరే పెట్టినాడు. అది వల పన్నదు. రాత్రివేళ తిరిగి బొద్దింకలను పట్టి తినును. చేతితో నొక్కి పట్టినచో కరచును, నొప్పియు కలుగును. కాని మనుష్యునకు ప్రాణాపాయము లేదు. ఇంతవరకు చెప్పి అతడు కాగితమును కొంచెము ప్రక్కకు త్రిప్పెను. దేహము క్రింద రూపాయి బిళ్ళంత చదునైన తెల్లని సంచి యొకటి యున్నది. ఆడుది గ్రుడ్లను అట్టి సంచిలో నుంచి, పిల్లలు వెలువడువరకు పొట్టక్రింద మోయుచు తిరుగును. అతడు నన్నేమియు అనలేదు.

నేను చేసిన తప్పు హింస అని మొదట తోచెను. ఆలోచించినకొలది, దానికి ముందే మరియొకటి జరిగినదని తెలిసెను. “విషపురుగు” అనుమాట నేనెరిగి పలికినది కాదు. అడిగినవాడు తెలిసికొనగోరి అడిగెను. “నాకు తెలియదు” అనుటయే అప్పుడు సత్యము. ఆ మాట అనియున్నచో చేయి చీపురువైపు పోవుటకు కారణమే యుండెడిది కాదు. భయము పుట్టినది, భయమునకొక కారణము కావలసి వచ్చినది, నాలుక దానిని క్షణములో కల్పించి యిచ్చినది. పతంజలి యమములలో అహింసను మొదట, సత్యమును తరువాత చెప్పెను. నాయందు అవి భంగమైన వరుస తలక్రిందులు.

వేదాంత పాఠకులకు త్రాడు, పాము దృష్టాంతము కంఠస్థమే. నేనును దానిని ఎన్నిమారులో వ్యాఖ్యానించితిని. త్రాటిని పామనుకొన్నవాడు దీపము తెచ్చినంతనే పాము మాయమగును. నాకో, దీపము నెత్తిమీదనే వెలుగుచుండెను. గోడమీద నున్నది సాలీడే. కన్ను చూచినది యథార్థము. దానికి విషమును జతపరచినది నేను. కొంత నిజము కలిసినందున ఆ భ్రాంతికి ధైర్యము వచ్చినది. సాలీళ్ళలో దాదాపు అన్నింటికిని విషమున్నమాటయు నిజమే. అది తమ ఎరను చంపుకొనుటకు. మనుష్యునకు కీడు చేయగలవి బహు కొద్ది. 2022 నాటికి లోకమున గుర్తింపబడిన సాలీళ్ళ జాతులు 50,000 దాటినవి. వానికన్నిటికిని నేనొక్క మాటతో శిక్ష విధించితిని.

మన పూర్వులీ విషయమున నాకంటె జాగ్రత్తపరులు. సుశ్రుతుడు కల్పస్థానమున లూతలను పదునారు విధములుగా విభజించి, వేర్వేరు పేర్లు, లక్షణములు, చికిత్సలు చెప్పెను. “ఏదో పురుగు పాకినది” అని సరిపెట్టుకొనుట వైద్యునకు తగదని ఆయన భావము కాబోలు. నేటి వైద్యులును, వేరు కారణములచే పుట్టిన పుండ్లు పెక్కింటిని జనులు సాలెపురుగుకు అంటగట్టుచున్నారని చెప్పుచున్నారు. ఆ సుశ్రుతుడే వాని పుట్టుక నిట్లు చెప్పెను: విశ్వామిత్రుడు ధేనువును హరింపగా వసిష్ఠునకు కోపము వచ్చినది, ఆ ముని నుదుటినుండి రాలిన చెమటబొట్లు ఆవుకొరకు కోసియుంచిన గడ్డిపై పడి లూతలైనవి. పురుగులోని విషమునకు మూలము ఋషి కోపమున చూపిన ఆ వైద్యుని సాహసమునకు నేను నమస్కరింతును. ముండకోపనిషత్తు సృష్టికి ఉపమానముగా గ్రహించినది సాలీడునే. భాగవతమున అవధూత దానిని తన గురువులలో లెక్కించెను. శ్రీకాళహస్తి పేరులోని ‘శ్రీ’ సాలెపురుగే. క్షేత్రమున చేతులు జోడించి, ఇంట చీపురెత్తుటకు మనకేమియు అడ్డము లేదు!

“సన్న్యాసికేమి, పసిబిడ్డలున్న ఇంట పురుగు గోత్రనామములు విచారించుచు కూర్చుందుమా?” అని గృహస్థులడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. బిడ్డను దూరముగా తీసికొనిపోవుటయే మొదటి పని. దానికి విచారణ అక్కరలేదు. గృహస్థునకు తప్పని హింసను శాస్త్రము ఎరుగును. పొయ్యి, తిరుగలి, చీపురు, రోలు, నీటికుండ అను ఐదింటిని పంచసూనలని మనువు పేర్కొని, ఆ దోషము తొలగుటకు పంచమహాయజ్ఞములు విధించెను. కాని అది ఊడ్చుచుండగా ఎరుగక జరుగు హింసను గూర్చిన మాట. కన్నులార చూచుచు కొట్టిన దెబ్బను ఆ లెక్కలో వ్రాసికొనుటకు నాకు మనసొప్పలేదు. గాజుపాత్ర బోర్లించి, క్రింద అట్టముక్క దూర్చి, పురుగును పెరటిలో విడుచుటకు ఎంతో సేపు పట్టదు. అంతేకాదు; కనబడినదానినెల్ల చంపువానికి, ఏది నిజముగా భయపడదగినదో ఎన్నటికిని తెలియదు. బిడ్డకును అది మేలు కాదు.

ఇక గుర్తించి పేరు పెట్టుటతోనే జ్ఞానము ముగియునని చెప్పుటకును వీలు లేదు. గుత్తి సాలీడు కథ వినుడు. మిలమిల మెరయు నీలివన్నె గల ఆ పెద్ద సాలీడు గుత్తి రైల్వే కలపనిలువ స్థలమున దొరకగా, 1899లో పోకాక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు దానిని వర్ణించెను. తరువాత ఒక శతాబ్దము దాని జాడ శాస్త్రజ్ఞులకు తెలియలేదు. 2001లో అది మరల కనబడినది. గుత్తిలో గాక, నంద్యాల, గిద్దలూరుల నడుమనున్న అడవిలో. మొదటిది కలపతోబాటు రైలెక్కి గుత్తి చేరియుండునని ఊహ. పెద్ద చెట్ల తొఱ్ఱలలో నివసించు ఆ జీవికి అడవి నరకుటతో ఇల్లు కరవగుచున్నది. అంతరించిపోవు ప్రమాదము మిక్కుటముగా నున్న వాని పట్టికలో నేడు దాని పేరున్నది. అది దారితప్పి దిగిన ఊరి పేరుతోనే లోకము దానిని నేటికిని పిలుచుచున్నది.

ఈ యేడు తొలకరికి అదే గోడమీద మరియొక సాలీడు కనబడెను. ఈమారు బ్రహ్మచారి నన్నడుగలేదు. నేనే అతనిని అడిగితిని. “వేట సాలీడనుకొనుచున్నాను స్వామీ, చూచి చెప్పెదను” అని టార్చిలైటు తెచ్చుటకు పోయెను. నేను గాజుపాత్రను, అట్టముక్కను సిద్ధపరచుకొంటిని. అతడు తిరిగి వచ్చులోపలనే అది బీరువా వెనుకకు జారిపోయినది. సర్దుచున్న సంచికలను అట్లే విడిచి, ఇద్దరమును చాలసేపు అక్కడనే కూర్చుంటిమి.