తేటనీళ్లు

పరీక్షలు పిల్లలకి, జ్వరం తల్లులకి. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. తెల్లవారితే సైన్సు పరీక్ష అనగా పుస్తకం తెచ్చి నా ఒళ్లో పడేసి "ప్రశ్నలడుగమ్మా" అంది. బి.ఏ. చదివి, నవలలు రాసుకుంటూ కాలక్షేపం చేస్తున్నదాన్ని. సైన్సుకీ నాకూ పదో తరగతితోనే రుణం తీరిపోయింది. అయినా తల్లినయ్యాక తప్పుతుందా! కళ్లజోడు సవరించుకుని, అన్నీ తెలిసినదానిలా కూర్చున్నాను.

మొదటి పాఠం మిశ్రమాలను వేరు చేయడం. చదువుతుంటే నవ్వొచ్చింది. చెరగడం, జల్లించడం, తేర్చడం, వడకట్టడం, చిలకడం... ఇదంతా శాస్త్రమా! మరి మా అమ్మమ్మ ఏ కాలేజీకి వెళ్లింది? చేట పట్టుకుని నాలుగు ఎగరేతలు వేసిందంటే ఊక ఒకపక్క, నూకలు ఒకపక్క, మట్టిబెడ్డలు ఇంకోపక్క చేరేవి. వానాకాలం బురదనీళ్ల బిందెలో పటికముక్క నాలుగుసార్లు తిప్పి వదిలేస్తే తెల్లారేసరికి మడ్డి అడుగుకి, తేట పైకి. పాఠాలు రాసింది ఎవరైనా, ప్రయోగాలన్నీ జరిగింది వంటింట్లోనే. కాదంటారా?

ఆ ధీమాతోనే "ద్రావణం అంటే?" అని అడిగాను.

గడగడా చెప్పేసింది. కరిగినది నీళ్లంతటా ఒకేలా కలిసిపోతుంది, కంటికి కనపడదు, ఎంతసేపు కదపకుండా ఉంచినా అడుక్కి దిగదు, గుడ్డలో వడకట్టినా ఆగదు. "ఉదాహరణకి ఉప్పునీళ్లు, చక్కెర నీళ్లు, ఇంకా మన పనామె చిన్నప్పుడు తాగిన నీళ్లు" అంది.

పుస్తకంలో ఆ మూడో ఉదాహరణ లేదు. "క్లాసులో మా టీచర్ చెప్పింది. నల్లగొండ దిక్కు పళ్లమీద గోధుమరంగు చారలుంటే అది ఫ్లోరైడట. మనామెకి ఉన్నాయిగా!"

నా గుండె జల్లుమంది. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఆమె తొమ్మిదేళ్లుగా మా ఇంట్లో పనిచేస్తోంది. పుట్టిల్లు నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు, అత్తిల్లు ఇక్కడ షాద్‌నగర్. ఆ పళ్లు చూసి, పొగాకు నమలడమో, సరిగ్గా తోముకోకపోవడమో అయి ఉంటుందని మొదటి రోజే తీర్మానించేశాను. ఒకసారి దసరాకి చీరతోపాటు బ్రష్షూ పేస్టూ కూడా పెట్టిచ్చాను. పెద్ద సంఘసంస్కర్తననుకున్నాను లెండి. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "మా ఊళ్లె అందరి పండ్లు గిట్లనే ఉంటయమ్మా, నీళ్లు మంచియి గావు" అంది. సాకు చెబుతోందనుకున్నాను.

సాకు కాదు. మన దేశంలో ఈ జబ్బు సంగతి 1937లోనే, అప్పటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లాలో బయటపడింది. నీళ్లలో ఎవరూ ఏదీ కలపలేదు. నేలలోని రాళ్లలోనే ఫ్లోరైడ్ ఉంది. ఊటనీళ్లు ఆ రాళ్లమధ్య నిలిచి దాన్ని కరిగించుకుంటాయి. లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. దాటితే రంగేమైనా మారుతుందా అంటే మారదు. రుచి లేదు, వాసన లేదు. తేటగా, అద్దంలా ఉంటాయి నీళ్లు. పసిపిల్లలకి రాబోయే పళ్లు ఇంకా చిగురుకింద తయారవుతుండగానే ఆ నీళ్లు పనిచేస్తాయి. అంటే పన్ను బయటికి రాకముందే మచ్చ పడిపోయి ఉంటుంది! ఇక బ్రష్షేం చేస్తుంది, నా పేస్టేం చేస్తుంది? మోతాదు మరీ ఎక్కువగా ఉన్నచోట ఏళ్లతరబడి తాగినవాళ్లకి ఎముకలకే పాకి, వెన్ను వంగిపోయింది. కాచి తాగితే పోతుందనుకునేరు, నీళ్లు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకాస్త చిక్కబడుతుంది.

విచిత్రమేమిటంటే దీనికి విరుగుడు మళ్లీ మా అమ్మమ్మ పటికే. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధనా సంస్థవారు 1970లలో ఒక పద్ధతి రూపొందించి దానికి నల్లగొండ పేరే పెట్టారు. పటిక, సున్నం కొలత ప్రకారం వేసి, ముందు గబగబా, తర్వాత నెమ్మదిగా కలిపి వదిలేస్తే దూదిపింజల్లాంటి మడ్డి ఏర్పడుతుంది. అది కరిగిన ఫ్లోరైడ్‌ని పట్టుకుని అడుక్కి దిగుతుంది. పైతేట వడకట్టుకోవాలి. అమ్మమ్మ తిప్పే చిటికెడు పటిక బురదకి చాలు గానీ దీనికి చాలదు, చాలా ఎక్కువే కావాలి. ఆఫ్రికాలో టాంజానియా, ఇథియోపియా దేశాలవాళ్లు కూడా ఈ పద్ధతిని అదే పేరుతో వాడారు. ఆ నీళ్లు తాగి పెరిగిన మనిషి తొమ్మిదేళ్లుగా నా వంటింట్లో ఉంటే నాకు తెలిసింది మాత్రం బ్రష్షు కొనివ్వడం!

ఇదంతా విని మా అమ్మాయి పరీక్ష సంగతి మర్చిపోయి, వంటింటి కిటికీవైపు చూసింది. అక్కడ ఒక స్టీలు గ్లాసు బోర్లించి ఉంటుంది. ఆమె చాయ్ గ్లాసు. "అయితే అది వేరే ఎందుకమ్మా?"

ఈ ప్రశ్నకి జవాబు నా దగ్గర ఎప్పుడూ సిద్ధంగానే ఉండేది. శుభ్రత. మేం అలాంటివాళ్లం కాదు, మాకు కులాల పట్టింపు లేదు, నా నవలల్లో రెండు కులాంతర వివాహాలు కూడా చేయించాను. కేవలం ఆ పళ్లు చూసి, నోటి శుభ్రత కోసం. ఇప్పుడా జవాబు కాస్తా పోయింది.

ఇంకో సంగతి కూడా అప్పుడే గుర్తొచ్చింది. గుర్తు రాకపోయినా బాగుండేది. మావారి పెదనాన్నగారిదీ ఆ నల్లగొండ వైపే. ఆయన పళ్లమీదా అచ్చం ఇవే చారలు. ఆ నీళ్లకి ఇంటిపేర్లు తెలీవు కదా. ఆయనొస్తే మేం వెండిగ్లాసు తీసి తళతళా తోమి నీళ్లిస్తాం.

ద్రావణంలో కరిగినదేమిటో తెలియాలంటే నీళ్లు ఇగిర్చి, గిన్నె అడుగున ఏం మిగిలిందో చూడాలని ఇందాకే కదా అప్పజెప్పించుకున్నాను! నా జవాబులోంచి శుభ్రత ఇగిరిపోయాక అడుగున మిగిలినది నాకు కనపడింది. అమ్మాయికి చెప్పలేదు. "తర్వాతి పాఠం చూడు" అన్నాను.

తర్వాతిది ద్రవ్యవేగం. ద్రవ్యరాశిని వేగంతో గుణించాలట. మెల్లగా పోయే గూడ్సుబండి కూడా అంత తేలిగ్గా ఆగదు, బరువు అంతటిది. మా ఇల్లు స్టేషనుకి దగ్గర. బ్రేకులు కీచుమన్నాక కూడా పెట్టెలు ఒకదాని తర్వాత ఒకటి కదిలిపోతూనే ఉండడం రోజూ చూస్తూనే ఉన్నాను. అంతదాకా ఎందుకు, షాద్‌నగర్ 2016లోనే రంగారెడ్డి జిల్లాలో కలిసిందా, మా నోటికి ఇప్పటికీ 'మహబూబ్‌నగర్ జిల్లా' అనే వస్తుంది. ఆ గ్లాసు కిటికీలోకి నేను తెచ్చింది కాదు. మా అత్తగారు పెట్టారు, ఆవిడకి ఆవిడ అత్తగారు నేర్పారు. అలాగని నా తప్పు లేదనుకుంటే ఎలా? పెట్టెలు ఎన్ని ఉన్నా, ఇప్పుడు బ్రేకు దగ్గర కూర్చున్నదాన్ని నేనే కదా.

మర్నాడు అమ్మాయి పరీక్షకి వెళ్లాక, కిటికీలో గ్లాసు తీసి పోపుడబ్బా వెనక దాచేశాను. మేం తాగే గ్లాసులోనే చాయ్ పోసిచ్చాను.

"నా గిలాస ఏదమ్మా?"

"ఎక్కడో పడిపోయినట్టుంది. ఇందులో తాగు" అన్నాను. నిజం చెప్పడానికి నోరు రాలేదు.

ఆమె వంటిల్లంతా కలియచూసి, డబ్బా వెనకనుంచి గ్లాసు తీసింది. "గిదో, ఈడ్నే ఉన్నది" అంటూ చాయ్ అందులోకి వంపుకుంది. మా గ్లాసు కడిగి స్టాండులో పెట్టి, ఆ తర్వాత గడపదగ్గర కూర్చుని తాగింది.

మర్నాడూ మా గ్లాసులోనే పోశాను. మర్నాడూ వంపుకుంది. ఇవాళ్టికి పదకొండు రోజులు. ఆ గ్లాసు ఇన్నాళ్లూ ఎందుకు వేరే ఉంచానో ఆమెకి నేనింకా చెప్పలేదు.