దాచుకున్న కథ ఎవరిది?

పుస్తకాన్ని దాచటమూ, పుస్తకాన్ని గౌరవించటమూ ఒకటేనా? చూడబోతే ఇది పసివాళ్ల ప్రశ్నలాగే ఉంటుంది. కాని పాత బొమ్మల కథల పుస్తకాలను సేకరించే అలవాటును కాస్త పరిశీలిస్తే, ఆస్తికీ సంస్కృతికీ మధ్య ఉన్న తగాదా యావత్తూ ఈ ప్రశ్నలోనే ఇమిడి ఉన్నదని తెలుస్తుంది.

1938 జూన్ నెల పేరిట అమెరికాలో వెలువడిన ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచిక వెల 10 సెంట్లు. సూపర్‌మ్యాన్ అనే వీరుడు పుట్టింది అందులోనే. ఆ సంచిక ప్రతి ఒకటి 2024లో వేలంలో 60 లక్షల డాలర్లకు పోయింది. ఇటువంటి ప్రతులను నిపుణులు పరీక్షించి, పదికి ఇన్ని మార్కులని నిర్ణయించి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి మూసివేస్తారు. మూత తీస్తే ఆ మార్కులు చెల్లవు. అంటే, కొన్నవాడు గూడా దాన్ని చదవటానికి వీల్లేదు! చదవటానికి పుట్టిన వస్తువుకు, చదవకుండా ఉన్నంత కాలమే విలువ.

ఈ విలువ ఎక్కణ్ణించి వచ్చింది? కథలో నుంచి మాత్రం రాలేదు. అదే కథ పునర్ముద్రణల్లో చవకగా దొరుకుతున్నది. ఆనాటి పిల్లలు ఆ పుస్తకాలను చదివారు, చేతులు మార్చుకున్నారు, చించారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో పాత కాగితం పోగు చేసినప్పుడు కట్టలకు కట్టలు అందులోకి పోయాయి. అట్లా పోగా మిగిలినవి కొన్నే కాబట్టి వాటికి బంగారం ధర పలుకుతున్నది. ఇతరుల ప్రతులు ఎన్ని నశిస్తే నా ప్రతి ధర అంత పెరుగుతుంది! పొరుగువాడి చేను ఎండితే తన గాదెలో గింజల ధర పెరుగుతుందని సంతోషించేవాణ్ణి కరువు సీమలో ఏమంటారో కర్నూలు, కడప పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు.

ఆ వీరుణ్ణి సృష్టించిన జెర్రీ సీగెల్, జో షుస్టర్‌లకు హక్కుల కింద ముట్టినవి 130 డాలర్లు. ఎంతో అలజడి జరిగాక 1975లో గాని వారికి పింఛనూ, పుస్తకం మీద పేరూ దక్కలేదు. వేలంలో పాడే లక్షల్లో రాసినవాడి వాటా, గీసినవాడి వాటా సున్న.

ఇదంతా అమెరికా సంగతి గదా అనవచ్చు. మన ఇంటి సంగతీ చూద్దాం. కడప జిల్లా పొట్టిపాడులో పుట్టిన బి. నాగిరెడ్డి, చక్రపాణితో కలిసి 1947 జులైలో మద్రాసు నుంచి ‘చందమామ’ ప్రారంభించాడు. ఆకాశంలో ఎగిరే వీరులు అందులో లేకపోయినా, మాంత్రికులకూ రాక్షసులకూ ఎదురు నిలిచే సామాన్య యువకులున్నారు. ఆ ధారావాహికలను రాసిన దాసరి సుబ్రహ్మణ్యం 1952లో చేరి అర్ధ శతాబ్దానికి పైగా ఆ పత్రికలో పనిచేశాడు. కాని ఆ కథల మీద ఆయన పేరు ఉండేది కాదు. 1952 నుంచి 1980లో మరణించే దాకా పత్రిక భాషను తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు పేరు గూడా సంపాదకుడుగా పడలేదు.

ఈ పత్రికను పాఠకులు ఎట్లా దాచారు? ధారావాహిక పుటలను విడదీసి, దారంతో కుట్టి, మళ్లీ మళ్లీ చదివారు. చమురు చేతుల మరకలూ, నలిగిన అంచులూ వాటికి గుర్తులు. మార్కులు వేసే నిపుణుడి దృష్టిలో అవి లోపాలు. మన దృష్టిలో, ఆ పుస్తకం తన పని తాను చేసిందనటానికి అవే సాక్ష్యాలు.

అయితే ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ ఉన్నది. అందరూ చదివి చించివేస్తే మిగిలేదేమిటి? పట్టుబట్టి దాచిన ఆ కొద్దిమందే లేకపోతే పాత సంచికలు చెదల పాలయ్యేవి గదా! ఇది నిజం. 2007లో ‘చందమామ’ ఒక బొంబాయి కంపెనీ చేతికి పోయింది. 2013 నాటికి ఆగిపోయింది. ఆ తరవాత పాత సంచికలను వెదకబోయిన వారికి ఆధారమైంది యజమానుల బీరువాలు కావు. అభిమానులు ఇళ్లల్లో దాచి, పుట పుటా యంత్రంతో నకలు తీసిన ప్రతులే ఆధారమైనాయి. కాబట్టి సేకరణ తప్పు అనటం తొందరపాటు. ఏ సేకరణ తప్పు అన్నదే ప్రశ్న.

దీనికి కొలబద్ద కడపలోనే దొరుకుతుంది. పండితులు వేమనను చులకన చేసే కాలంలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఆ పద్యాల తాళపత్రాలను పోగుచేసి, పాఠాలు సరిచూసి, 1829లో అచ్చువేయించాడు. కడపలోని తన బంగళాలో పండితులను జీతమిచ్చి పెట్టుకొని ఎన్నో కావ్యాలకు శుద్ధప్రతులు రాయించాడు. అతను కంపెనీ ఉద్యోగి; ఆ జీతం రైతు కట్టిన శిస్తులోనిదే. కాబట్టి అతణ్ణి దేవుణ్ణి చెయ్యనవసరం లేదు. అతని పద్ధతిని మాత్రం గమనించాలి. ఒక ప్రతి చేతికి వస్తే దాన్ని పది ప్రతులు చేశాడు. చివరకు తన సేకరణను మద్రాసులో ఒక సాహిత్య సంస్థకు అప్పగించాడు. శిథిలమైన అతని బంగళా స్థలంలో జానమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదలతో లేచిన గ్రంథాలయంలో నేడు విద్యార్థులు కూర్చొని చదువుకుంటున్నారు.

ఇదీ కొలబద్ద: నీ చేతికి వచ్చిన తరవాత ఆ పుస్తకానికి పాఠకులు పెరిగారా, తరిగారా? పెరిగితే నీవు సంరక్షకుడవు. తరిగితే, ఎంత ప్రేమ ఒలకబోసినా, నీవు దాన్ని బందీ చేసినవాడవు.

కడుపుకు కూడు లేనిచోట ఈ బొమ్మల కథల గొడవేమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. కోసిగి, ఆదోని ప్రాంతాల నుంచి కుటుంబాలు సుగ్గికి గుంటూరు మిరప చేలకు పోతాయి. బడి మానేసి పిల్లలు గూడా వెంట పోతారు. వారికి ముందు కావలసింది కూలీ, నీరు, బడి. ఇందులో సందేహం లేదు. కాని పేదవాడి బిడ్డకు కథ అక్కర్లేదనే మాట ఎవరికి అనుకూలం? కలవారి బిడ్డ ఒకే కాలంలో అన్నమూ కథా అందుకుంటున్నాడు. పేద బిడ్డకు మాత్రం అన్నం తరవాతనే కథ అన్నవాడు, తెలియకుండానే, కథను గూడా ఆస్తుల జాబితాలో చేరుస్తున్నాడు.

కాబట్టి పాత సంచికలున్న వారు చేయవలసింది కష్టమైనదేమీ కాదు. నకళ్లు తీయించండి. ఊరి బడికి ఎరువివ్వండి. పేరు లేకుండా రాసినవాడి పేరును మొదటి పుట మీద రాయండి. హక్కుదారులుంటే వారి ప్రతిఫలం వారికి ముట్టవలసిందే. అయితే తాళం వేసిన బీరువా ఏ రచయితకూ ప్రతిఫలం కాదు. మూసిన పెట్టెలో పుట నలగకపోవచ్చు. కాని ఆ పుటను నలిపే హక్కు ఇంకా ఒక్కసారి గూడా దక్కని పిల్లలు మన మధ్యనే ఉన్నారు.