వెయ్యి బీడీల హిసాబ్

నిజామాబాద్‌లోని మా గల్లీలో జీతం అనే మాట మగవాళ్లది. ఆడవాళ్లది మజూరీ. మా మామూ బోధన్ శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఆయనకు షిఫ్టు ఉండేది, సెలవు ఉండేది, నెల తిరిగితే జీతం ఉండేది. అమ్మీకి ఉన్నవి చేట, కత్తెర, వెయ్యి బీడీల లెక్క. ఫజర్ నమాజు చదివి చేట ముందు కూర్చుంటే ఇషా దాకా ఆమె లేచేది వంటకూ నీళ్లకూ నమాజుకే.

ఆమె మజూరీ న్యాయమైనదేనా? మా ఇంట్లో ఎవరమూ అడగలేదు. అడగాలంటే ముందు కొలవాలి. దేన్ని కొలవాలి?

వాళ్లు కొలిచేది బీడీని, రోజును కాదు. ఆకు తడిపి, మెత్తబడ్డాక కత్తిరించిన పొద్దు లెక్కలో లేదు. దారం చుట్టిన చెల్లెలి వేళ్లు లెక్కలో లేవు. ఇచ్చిన ఆకు చాలక బజార్లో కొన్న ఆకు ఖరీదూ లేదు. బాగాలేవని టేకేదారు పక్కన పడేసిన బీడీలకు పైసా రాదు, అవి తిరిగీ రావు. వెయ్యికి ఇంత అంటే సాఫ్‌గా కనబడుతుంది. ఆ సాఫ్ లెక్కలోనే ఇంత పని మాయమైంది.

"మీ ఆడోళ్లు గడప దాటరు. ఇంట్ల కూసోని చేసే పనే గద, ఖాళీగ ఉండేకంటె నయం" అన్నాడు ఒకసారి టేకేదారు. అప్పుడు నాకు జవాబు తోచలేదు. పరదా మా ఆచారం కావచ్చు. దాన్ని తక్కువ ధరకు సాకుగా మార్చింది మాత్రం బేరం. నాలుగు చోట్ల రేటు అడిగి చూడలేని మనిషి సరే అంటే, ఆ 'సరే'లో ఇష్టమెంత, గత్యంతరం లేకపోవడమెంత?

ఇంట్లో చుట్టేవాళ్లూ కార్మికులేనని 1966 బీడీ కార్మికుల చట్టం ఒప్పుకుంది. కనీస వేతనం ఎట్లా కట్టాలో 1957లో 15వ భారత కార్మిక సదస్సు ఒక కొలత చెప్పింది. ఒక్కరి సంపాదన మీద మూడు వినియోగ యూనిట్ల కుటుంబం, దాని తిండి, నలుగురికి ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి కిరాయి, పొయ్యి, దీపం. పిల్లల చదువు, వైద్యం, పండుగలు, ముసలితనం కూడా చేర్చాలని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. మంచి కొలతే. కానీ అందులో ఇంకో మాట ఉంది: ఆడవాళ్ల సంపాదనను, పిల్లల సంపాదనను లెక్కలోకి తీసుకోవద్దని. మగవాడి జీతం కోయకుండా పెట్టిన అడ్డు అది. మరి అబ్బా పోయిన మా ఇంట్లో? లెక్కలోకి రాని ఆ డబ్బే మా అన్నం. షిఫ్టు జీతమైనా శాశ్వతం కాదు. నిజాం కాలం నాటి ఆ చక్కెర ఫ్యాక్టరీ కూడా 2015లో మూతపడింది.

చెమట ఆరకముందే కూలి ఇవ్వాలన్న ప్రవక్త మాట మసీదులో విని పెరిగాం. ఎప్పుడివ్వాలో అందులో తేటగా ఉంది. ఎంత ఇవ్వాలో మన ఇన్సాఫ్ తేల్చుకోవాలి. ఉర్దూలో హక్ అంటే హక్కూ, సత్యమూ. సత్యం చెప్పని లెక్కలో హక్కు ఎక్కడ దొరుకుతుంది?

ఇంతా రాస్తున్న నేను ఇవాళ నెల జీతగాణ్ణి. మా ఇంట్లో గిన్నెలు తోమే ఆమెకు గల్లీలో నడుస్తున్న రేటే ఇస్తూ వచ్చాను. ఆమె ఒప్పుకుంది కదా అనుకున్నాను. ఒకరోజు తెలిసింది, అది టేకేదారు మాటేనని, ఇప్పుడు నా నోట్లో ఉందని.

రోజుకు ఎన్ని గంటలవుతుందని ఆమెను అడిగాను. నడిచి వచ్చే దారి కలపాలా వద్దా అని ఆమె నన్ను అడిగింది. కలపమన్నాను. లెక్క కట్టడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. ఎవరూ అడగలేదట. రేటు పెంచాను. అది న్యాయమో కాదో నేను చెప్పేది కాదు. ఆమె ఇంకా చెప్పలేదు.